గురువారం ముద్ర

సిద్దిపేట పోస్టాఫీసులో నేను ప్యాకర్ని. ఉత్తరాల మీద ముద్ర కొట్టడం, సంచులు కట్టడం, మూతికి లక్క పెట్టడం, బస్సుకెక్కించడం నా పని. రాయపోల్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నేను చేసే పనికి అది సరిపోయింది. మాట్లాడాల్సిన అవసరం కూడా తక్కువే. ముత్తయ్య నోటికంటే వాని ముద్ర ఎక్కువ మాట్లాడుతదని మా పోస్టుమాస్టరు హన్మంతు సారు అంటుండేవాడు.

రోజూ పొద్దున ఆఫీసు తెరవగానే ముద్రలో తారీఖు మార్చాలి. ముద్ర మొహంలో పెసరగింజంత ఇనుప అంకెలుంటాయి. నిన్నటి అంకెను చిమటాతో తీసి ఇవాళ్టిది పెట్టి, మర బిగించి, ఒక పుస్తకంలో కొట్టి చూపించాలి. సారు దాని పక్కన సంతకం చేస్తాడు. మాకు ఆ రోజు అప్పుడు మొదలైనట్టు.

జాఫర్ భాయ్ నాకు ఆ ముద్ర వల్లనే దోస్తయ్యాడు. పెళ్లి కార్డులు అచ్చు వేసే ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. దూదేకుల వాళ్లు. వాళ్ల నాయన అహ్మద్ చిచ్చా మనిషెత్తు విల్లు భుజాన పెట్టుకొని చుట్టుపక్కల ముప్పై ఊళ్లు తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకినవాడు. మిషన్లు వచ్చాక ఆ విల్లు గోడకెక్కింది. చిచ్చా అరుగెక్కాడు.

సర్కారు కొత్త తపాలా బిళ్ల విడుదల చేసిన రోజే దాన్ని కవరుకంటించి, ఆ రోజు తారీఖు ముద్రే కొట్టించాలి. దాన్ని ఫస్ట్ డే కవర్ అంటారు. కవరుకు ఎడమ పక్క ఆ బిళ్లకు తగిన బొమ్మ ఒకటి ఉంటుంది. సర్కారు అచ్చు వేసిన కవర్లు కొనుక్కునేవాళ్లు కొందరు. సొంతంగా బొమ్మ వేసుకునేవాళ్లు చాలా కొద్దిమంది. బట్టల దుకాణం భూపతి సేటు ఇట్లాంటివి పోగేసేవాడు. ఆయన చూపిస్తే జాఫర్ భాయ్‌కి ఆ పిచ్చి అంటింది. పోగేయడం కాదు, చేయడం. చెప్పులకు అడుగు వేసే రబ్బరు షీటు తెచ్చి, బ్లేడుతో బొమ్మ చెక్కి, ప్రెస్సులో మిగిలిన సిరాతో ఒక్కొక్క కవరూ చేత్తో అచ్చు వేసేవాడు.

మొదటిసారి తెచ్చిన కవర్లను నేనే పాడుచేశాను. బిళ్ల మళ్లీ పనికి రాకుండా చచ్చేటట్టు కొట్టాలని మాకు నేర్పారు. అట్లనే కొట్టాను. సిరా బొమ్మ మీదికి పారింది. జాఫర్ భాయ్ కోపం చేయలేదు. బయటికి తీసుకుపోయి చాయ్ తాగించి, బిళ్ల అంచు మీద సగం, కవరు మీద సగం పడాలని, కింద పాత సైకిలు ట్యూబు ముక్క పెడితే దెబ్బ మెత్తగా పడుతుందని చెప్పాడు. ఆ ట్యూబు ముక్క కూడా తనే తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా చెయ్యి మారింది.

హైదరాబాదులో ఈ కవర్లు పోగేసేవాళ్ల సంఘం ఒకటి ఉంది. వాళ్లు అప్పుడప్పుడు ప్రదర్శన పెడతారు. చేత్తో బొమ్మ వేసినవి కూడా పెట్టుకుంటారు గానీ, ముద్ర మాత్రం మొదటి రోజుదే ఉండాలి. జాఫర్ భాయ్ రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ తిరిగి వచ్చాయి. బొమ్మ బాగుంది, తారీఖు మొదటి రోజుది కాదు అని చీటీ. మాలాంటి ఊరికి కొత్త బిళ్లలు వారం ఆలస్యంగా వచ్చేవి. దానికి ఎవరేం చేస్తారు.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, చేతిపనుల మీద నాలుగు బిళ్లలు వస్తున్నాయని తెలిసింది. అందులో ఒకటి విల్లుతో దూది ఏకే మనిషిది. భూపతి సేటు ఆ కాగితం తెచ్చి చూపించినప్పుడు జాఫర్ భాయ్ దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత ఇంటికి పోయి గోడ మీది విల్లు దించాడు.

బొమ్మ గీసి తండ్రికి చూపించాడు. అహ్మద్ చిచ్చా కాగితం దూరంగా పట్టుకొని చూశాడు.

"గట్ల కూసుంటే నాలుగు దెబ్బలకే నడుం వడిపోతది," అన్నాడు. "ఎడమ మోకాలు లేపు. వింటి నరం ఛాతికి ఆనొద్దు."

జాఫర్ భాయ్ మళ్లీ గీశాడు. మూడోసారికి చిచ్చా తలూపాడు. అట్లా చెక్కిన బొమ్మలో దూది పింజలు గాలిలో లేస్తుంటాయి, వాటి వెనక చిచ్చా మొహం సగమే కనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో అహ్మద్, దూదేకుల, సిద్దిపేట అని కూర్చాడు. అరవై కవర్లు అచ్చు వేశాడు. తన పేరు ఎందుకని చిచ్చా అడిగాడట. పని నీదే గదా అన్నాడట కొడుకు. అవి ఎప్పుడు పోతాయని అడిగితే గురువారం అని చెప్పాడు. అప్పటినుంచి చిచ్చా అరుగు మీద కూర్చుని, పోయేవాణ్నీ వచ్చేవాణ్నీ బేస్తారం ఇంకెన్ని దినాలని అడగడం మొదలుపెట్టాడు.

హైదరాబాదు సంఘం కార్యదర్శి ఉత్తరం రాశాడు. ఈసారి ప్రదర్శన తర్వాత మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదట. విడుదల రోజు, ఆ మనిషి సొంత ఊరి ముద్రతో కవర్లు వస్తే, ప్రదర్శనలో కవర్లు పెట్టే పలక ఒకటి మొత్తం వాటికే ఇస్తాడట. ఎన్నడూ లేనిది, బిళ్లలు కూడా సోమవారమే మా ఆఫీసుకు వచ్చేశాయి. సీలు వేసిన పొట్లం ఇనప్పెట్టెలో పెట్టి, గురువారం పదింటికి ముందు తెరిచేది లేదన్నాడు హన్మంతు సారు. పది దాటిన నిమిషానికి మొదటి అరవై జాఫర్‌కే అని కూడా అన్నాడు.

ఇక అడ్డం ఏమీ లేదనుకున్నాం. రంజాన్ ఉండింది.

క్యాలెండరులో పండుగ శుక్రవారం మీద ఎర్రగా ఉంది. అది అంచనా మాత్రమే. బుధవారం ఇరవై తొమ్మిదో ఉపవాసం. ఆ సాయంత్రం నెలవంక పొడిస్తే పండుగ గురువారమే. సెలవు కూడా ముందుకు జరుగుతుంది. పోస్టాఫీసు మూసి ఉంటుంది. నెల కనిపించకపోతే ముప్పై నిండి, పండుగ శుక్రవారం. ఈ లెక్క జాఫర్ భాయ్ నాకు ఒక్కసారే చెప్పాడు. నెల పొడవద్దని మొక్కుతున్నావా అని అడిగాను. అది అడగకూడదన్నాడు. లోపలి నుంచి వాళ్లింటి ఆమె మెహరాజ్ బేగం అందుకుంది.

"మీ దోస్తుకు ఈసారి భక్తి ముదిరిందన్నా. ఎప్పుడు ఇరవై తొమ్మిదికే అయిపోతే బాగుండు అనేటోడు, ముప్పైకి తయారైండు."

జాఫర్ భాయ్ నవ్వాడు. అంతే.

బుధవారం మూడు గంటల నుంచే పడమర మబ్బు కమ్మింది. భూపతి సేటు దుకాణంలోంచి బయటికి వచ్చి మబ్బును చూసి, గీ మబ్బుకు నేను చాయ్ తాపిస్త అన్నాడు. డ్యూటీ దిగి నేను జాఫర్ భాయ్ ఇంటికి పోయాను. కవర్లు పదేసి చొప్పున కట్టాం. వాళ్లు ఖర్జూరంతో ఉపవాసం విడిచి నమాజు చేశాక, ఇద్దరం దాబా మీదికి ఎక్కాం. చుట్టూ దాబాల మీద జనం. అందరూ పడమరకే చూస్తున్నారు. మబ్బు కదల్లేదు. ఒక్కొక్కరే దిగిపోయారు. మూడిళ్ల అవతల దర్జీ నిస్సార్ ఒక్కడే పిట్టగోడ పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇంక లేదు పా, పోదాం అన్నట్టు జాఫర్ భాయ్ మెట్ల వైపు తిరిగాడు. అతని నడకలో తేలిక కనిపించింది.

అప్పుడు మబ్బు అడుగున సన్నటి సందు పడింది. అందులో నెల ఉంది. గోటితో గీరినంత.

మా ఊళ్లో నెలపొడుపు చూసినవాడు పక్కవానికి చూపించాలి. ఒక్కడే చూసి ఊరుకుంటే ఆ నెల గొడ్డుకూ గోదకూ అచ్చిరాదంటారు. చూపించి వాని మొహం చూడాలి. నెలవంక ఏ కొమ్ము పైకి ఉంటే ఏమిటో తర్వాత చెప్పుకుంటాం. నాకు నడక వచ్చినప్పటి నుంచి మా అవ్వ నా గదవ పట్టి అట్లనే చూపించింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"గదిగో," అన్నాను.

జాఫర్ భాయ్ వెనక్కి తిరిగి నా వేలు వెంట చూశాడు. చూశాడని నాకు తెలిసింది, ఎందుకంటే నేను వాడుక ప్రకారం అతని మొహం చూశాను. చూస్తుండగానే అది మారిపోయింది. చెయ్యి దించాను. సందు మూసుకుంది. ఇదంతా కళ్లు నాలుగుసార్లు ఆర్పినంతసేపు.

అతను రెండు చేతులు ఎత్తి దువా చదువుకున్నాడు. తర్వాత మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి మజీదు మైకు మోగింది. నిస్సార్ నెల చూశానని చెప్తున్నాడని, ఒక్కరి మాట చాలదని, ఇంకెవరైనా చూసి ఉంటే వచ్చి చెప్పాలని ఇమాం సాబ్ అడుగుతున్నాడు. రెండుసార్లు అడిగాడు.

"నేను సూపియ్యకపోతే నువ్వు సూడకపోదువు," అన్నాను.

"సూసినంక సూడనట్టెట్ల ముత్తన్నా."

"నేను పోయి చెప్త. నువ్వు రాకు."

"నీ చూపు గాడ లెక్కకు రాదు. నాదొస్తది." లేచి టోపీ సర్దుకున్నాడు. "నువ్వు కవర్లు లోపల పెట్టియ్యి. వాన పడేటట్టున్నది."

వాన పడలేదు. నేను కవర్లు లోపల పెట్టి మజీదు గేటు దాకా పోయి బయట నిలబడ్డాను. లోపల అతను ఇమాం సాబ్ ముందు నిలబడి ఏదో చెప్పడం కనిపించింది. చాలా చిన్న మాట. ఎవరు చూపించారని అడిగారో లేదో, నా పేరు మాత్రం చెప్పలేదు. ఇద్దరి పేర్లూ రాసుకొని హైదరాబాదుకు ఫోను చేశారు. అక్కడ నెల తేల్చే కమిటీ ఉంటుంది. మావాళ్ల మాట మీద తేల్చారో, ఇంకే ఊరి నుంచైనా సాక్ష్యం పోయిందో నాకు తెలియదు. సిద్దిపేటకు తెలిసింది మాత్రం నిస్సార్, జాఫర్ చూశారని. గంటన్నరలో పటాకులు కాలాయి. జనం వచ్చి జాఫర్ భాయ్‌ని కౌగిలించుకున్నారు. హన్మంతు సారుకు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రేపు సెలవు, శుక్రవారం ఆఫీసు తెరవాలి. ఢిల్లీలో నెల కనిపించలేదట. పండుగ అక్కడ శుక్రవారమే. అందుకని అక్కడ బిళ్ల విడుదల మారలేదు, గురువారమే.

గురువారం పొద్దున సారు ఇంటికి పోయాను. ఆయన ఆఫీసు వెనకే ఉండేవాడు. పళ్లు తోముకుంటూ విన్నాడు. ఇనప్పెట్టెకు రెండు తాళాలు. ఒక చెవి ఆయన దగ్గర, ఇంకోటి ఖజానా చూసే సుశీలమ్మ దగ్గర. సుశీలమ్మ సెలవు వచ్చిందని మొదటి బస్సుకే వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయింది. మనుమరాలికి అక్షరాభ్యాసం. బస్సులో పోయి చెవి తెస్తానన్నాను.

"తెస్తవు," అన్నాడు సారు. "తెచ్చినా తియ్య. సెలవునాడు ముద్దర కొడితే నీ కొలువు, నా కొలువు రెండు పోతయి. గది నీకు తెల్వదా?"

తెలుసు. తెలిసే పోయాను.

జాఫర్ భాయ్ ఇంట్లో ఏటా లాగే నాకు షీర్ ఖుర్మా పెట్టారు. నిస్సార్ కుట్టిన కొత్త చొక్కా వేసుకొని చిచ్చా మంచం మీద కూర్చున్నాడు. అత్తరు వాసన. కవర్ల కట్టలు గూట్లో అట్లనే ఉన్నాయి. చిచ్చా నన్ను చూసి సంతోషపడ్డాడు.

"బేస్తారం వచ్చె గద బిడ్డా. పోయినయా?"

నేను గిన్నెలోకి చూశాను.

"ఇయ్యాల సెలవు బాపు," అన్నాడు జాఫర్ భాయ్. "రేపు పోతయి."

"రేపు పోతే ఏమైతది?"

మెహరాజ్ వదిన వంటింటి గడపలో ఆగింది. జాఫర్ భాయ్ తండ్రి చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టాడు.

"ఏం కాదు," అన్నాడు.

శుక్రవారం అరగంట ముందే ఆఫీసుకు పోయాను. ముద్రలో శుక్రవారం తారీఖు పెట్టి, పుస్తకంలో కొట్టి, పుస్తకాన్ని సారు బల్ల మీద పెట్టాను. మా దగ్గర పిడి పగిలిన పాత ముద్ర ఇంకోటి ఉంది. సంకురాత్రి ఉత్తరాలు ఎక్కువై చెయ్యి చాలనప్పుడు తప్ప దాన్ని తియ్యం. దాని అంకెలు ఊడదీసి, తుడిచి, గురువారం తారీఖు పెట్టాను. మర బిగించాను. దాన్ని పుస్తకంలో కొట్టలేదు. సంచి కింద పెట్టాను.

పదింటికి జాఫర్ భాయ్, భూపతి సేటు వచ్చారు. సుశీలమ్మ వచ్చి రెండో తాళం తీసింది. పొట్లం తెరిస్తే బిళ్ల బాగుంది. గోధుమ రంగు మీద తెల్లటి దూది. జాఫర్ భాయ్ అరవై కొని నా బల్ల దగ్గర నిలబడి, తడి గుడ్డతో ఒక్కొక్కటే అంటించాడు. సారు లోపల మనియార్డరు ఫారాలు చూసుకుంటున్నాడు. భూపతి సేటు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒక్క అంకె ముత్తయ్యా. నీ చేతుల పని. ఆ పక్క దేవుడు, ఈ పక్క నువ్వు."

ఆయన అడగక ముందే నేను చేసి పెట్టానని ఆయనకు తెలియదు. సంచి కింది నుంచి పాత ముద్ర తీసి, జాఫర్ భాయ్ ముందుకు జరిపాను.

"నిన్నటిది పెట్టిన," అన్నాను. "ఎవరికి తెల్వది. తెలిస్తే నా మీద ఏసుకుంట. నేనే సూపిచ్చిన గద."

నా జన్మలో ఆఫీసులో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అదే.

జాఫర్ భాయ్ ముద్రను తిప్పి మొహం చూశాడు. ముద్ర మొహం మీద అంకెలు తిరగబడి ఉంటాయి. మాలాంటివాళ్లం కొట్టి చూస్తే గానీ చదవలేం. అతను ఇరవై ఏళ్లుగా తిరగబడ్డ అక్షరాలే కూర్చుతున్నాడు. ఒక్క చూపులో చదివేశాడు. చదివి, అంకె మీద వేలు పెట్టి అట్లనే పట్టుకున్నాడు. భూపతి సేటు కొట్టు కొట్టు అని కళ్లతో అంటున్నాడు. నేనైతే అతను ఊ అంటాడనే అనుకున్నాను.

"మొన్న మజీదుల నిలవడి నెల సూసిన అన్న," అన్నాడు. మెల్లగానే అన్నాడు. "నా మాట మీద ఊరు పండుగ జేసింది. గీ ఆఫీసు మూసిన్రు. గిప్పుడు నిన్నటి ముద్దర పడితే, నిన్న ఆఫీసు తెరిచుండెనన్నట్టు. అంటే పండుగ లేదు. అంటే నేను సూడలే."

"హైదరాబాదోడు గవన్ని అడుగుతడా?" అన్నాడు సేటు. "ఆనికి పండుగతోని ఏం పని? తారీఖు సూస్తడు, పలక మీద పెడతడు."

"ఆడు అడగడు సేట్. కింద మా బాపు పేరున్నది."

సేటు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. నేను పాత ముద్ర మర విప్పి, గురువారం అంకె తీసి డబ్బాలో వేశాను. మంచి ముద్రను సిరా బిళ్ల మీద అద్దాను. ఒక్కటి, రెండు, మూడు. బిళ్ల అంచు మీద సగం, కవరు మీద సగం. ఒక్క కవరుకూ సిరా పారలేదు. గుండ్రం ఎక్కడా తెగలేదు. అరవైలో అరవై అంత శుభ్రంగా నేను అంతకుముందూ కొట్టలేదు, తర్వాతా కొట్టలేదు. శుక్రవారం తారీఖు ఎంత దూరం నుంచైనా చదవొచ్చు.

ఇక పంపడం ఎందుకు, నాకియ్యి దాచుకుంటా అన్నాడు భూపతి సేటు. తిరిగి వస్తాయని ముగ్గురికీ తెలుసు. జాఫర్ భాయ్ ఒప్పుకోలేదు. ఇంట్లో బాపు అడుగుతాడు, పోయినయని చెప్పాలె అన్నాడు. నేను కట్ట సంచిలో పెట్టాను. చీటీ కట్టాను. లక్క కరిగించి మూతికి పెట్టాను. ఒకసారి లక్క పెట్టాక నాకైనా, సారుకైనా దాన్ని విప్పే హక్కు లేదు.

పన్నెండున్నర హైదరాబాదు బస్సుకు సంచి భుజాన వేసుకొని స్టాండుకు పోయాను. జాఫర్ భాయ్ నమాజుకు పోవాల్సినవాడు, నా వెనకే వచ్చాడు. చూస్తే చిచ్చా కూడా వచ్చి ఉన్నాడు. రిక్షాలో తెచ్చారట. ఆ కొత్త చొక్కానే వేసుకున్నాడు. మనుషుల మధ్య నిలబడలేక బస్సు రేకును పట్టుకున్నాడు.

"గీ సంచిలున్ననా నేను?" అని అడిగాడు.

"ఉన్నవు చిచ్చా," అన్నాను.

నిచ్చెన ఎక్కి సంచిని పైన పెట్టి తాడు బిగించాను. కట్టిన తాడునే ఇంకోసారి కట్టాను. దిగి వచ్చేసరికి డ్రైవరు హారను కొడుతున్నాడు.

"హైదరాబాదోళ్లు మంచిగ సూస్తరా?" చిచ్చా కొడుకును అడిగాడు.

"సూస్తరు బాపు."

"మోకాలు సూడుమను. మోకాలు సక్కగొచ్చింది."

బస్సు కదిలింది. చిచ్చా చెయ్యి రేకు మీది నుంచి జారితే జాఫర్ భాయ్ పట్టుకున్నాడు. ఇద్దరూ బస్సు పోయే దిక్కే చూస్తున్నారు. నేను ఖాళీ భుజంతో వాళ్ల పక్కన నిలబడ్డాను. హైదరాబాదువాళ్లు మోకాలు చూడరు. ముందు తారీఖే చూస్తారు.